సున్నం వేయని జానెడు గోడ

గుజరాత్‌లో బార్డోలీ నుంచి సూరత్ వెళ్తుంటే, దారిలో నది ఒడ్డున ఉన్న ఓ చిన్న ఊళ్లో టిఫిన్‌కి బస్సు ఆపారు. హోటల్ నడిపే యాదమ్మది కరీంనగర్. నా తెలుగు వినగానే ఓ ఇడ్లీ ఎక్కువే వేసింది.

గోడలకు కొత్తగా సున్నం వేశారు. నా భుజమెత్తున మాత్రం జానెడు మట్టిచార చుట్టూతా అలాగే ఉంది. స్విచ్చులన్నీ దానికి బాగా పైన, చేతికి అందనంత ఎత్తులో ఉన్నాయి. ఫ్యాను వేయడానికి ఆమె కర్రతో నొక్కింది.

"అక్కడ సున్నం వేయడం మరిచిపోయారా అక్కా?" అన్నాను నవ్వుతూ.

"మరువలే అన్నా. ఒకపారి వరదొచ్చి నీళ్లు గా చార దాంక నిలవడ్డయ్. ఏటా సున్నమేస్తం గని గా జాగ ముట్టం. ఇంట్లకు కొత్త కోడలొస్తే ముందుగాల గదే చూపిస్తం. బియ్యం, కాగితాలు, అన్నీ దాని మీదికే."

"భయం వేయదా?"

"నీళ్లొస్తయ్, పోతయ్. ఎంతెత్తు వస్తయో ఎర్కైనంక భయమేంది?" అంటూ, నేల మీద పెట్టిన నా సంచీ తీసి పై మేకుకు తగిలించింది.

నాది భద్రాచలం. మా ఇంటి గోడ మీదా గోదావరి వదిలివెళ్లిన చార ఉండేది. రంగులు వేయించినప్పుడు, చూడ్డానికి బాగాలేదని, దగ్గరుండి రెండు కోటింగులు కొట్టించింది నేనే.

అది ఎంత ఎత్తులో ఉండేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.