ముప్పై ఎనిమిదో నంబరు భరిణెలు

గిజెల్లా పట్టు పడితే విడిచే మనిషి కాదు. పేచ్ పట్నంలో నలభై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచింది. కరవవచ్చిన కుక్కలకు కూడా దారి వదల్లేదు. ఆ మొండితనమే పింగాణీ భరిణెల మీదా చూపించింది. ఉంగరమో, రెండు గుండీలో పట్టేంత చిన్నవి, మూత మీద చేత్తో వేసిన పూలున్నవి. ఆదివారం తెల్లారేసరికి పాత సామాన్ల సంతలో ఉండేది. ఏ భరిణె కనబడినా ముందు బోర్లించి అడుగు చూసేది. అక్కడ 38 అని ఉంటే ఇక ఆ భరిణె ఆమెదే.

ఊళ్లోని పింగాణీ కార్ఖానాలో పూలు వేసే ప్రతి మనిషికీ, అడుగున వేయడానికి ఒక నంబరు ఉండేది. 38 ఆమె తల్లి ఎతెల్కాది. గిజెల్లాకు నాలుగేళ్లప్పుడే తల్లి పోయింది. ముఖం గుర్తులేదు. కనీసం చేతిపనైనా దగ్గరుండాలని ఇరవై ఏళ్లుగా పోగేస్తూ వచ్చింది.

ఒక ఆదివారం ఇరవై రెండోది కొని చేతిలో పట్టుకుంటే, పక్కన ఒక ముసలామె ఆగిపోయింది.

"అయ్యో, ఇది నాదే!"

"మీదెట్లా అవుతుందండీ? ఇప్పుడే కొన్నాను."

"కొన్నావు సరే. పూలు వేసింది నేను. నా పేరు యోలాన్."

"38 మా అమ్మ నంబరు."

"ఎతెల్కా కూతురివా!" ముసలామె గొంతు మెత్తబడింది. "ఆమె పోయాక ఆ కుర్చీ, ఆ నంబరు నాకే ఇచ్చారు, అమ్మాయ్. అక్కడ నంబరు మనిషిది కాదు, కుర్చీది."

గిజెల్లా చేతిలోని భరిణెను మళ్లీ బోర్లించి ఆ 38ని చూసింది. తర్వాత యోలాన్ చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి రండి పిన్నీ. ఇట్లాంటివి ఇరవై రెండున్నాయి, ఏది ఎవరు వేసిందో చూసి చెప్పాలి."

"ఎందుకే? తెలుసుకుని ఏం బావుకుంటావు?"

"ఇన్నాళ్లూ ఎవరి పనిని ముద్దు పెట్టుకున్నానో నాకు తెలియొద్దూ?"

వంటింటి బల్ల మీద భరిణెలన్నీ పరిచి, కాఫీ పోసింది. యోలాన్ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తీసింది.

"మీ అమ్మ ఆకును ఒక్క విసురులో వేసేది. నాకు చచ్చినా రాలేదు, రెండుసార్లు కుంచె పెట్టేదాన్ని. ఇదిగో, మధ్యలో అతుకు కనిపిస్తోందా?"

అతుకున్నవి పంతొమ్మిది తేలాయి. లేనివి మూడు.

గిజెల్లాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈ ముసలామె సంతకు రాకుండా ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. కానీ యోలాన్ ఆమెను చూడటం లేదు. పంతొమ్మిదింటినీ వేళ్లతో తడుముతోంది.

"మా ఇంట్లో ఒక్కటీ లేదే. దాదాపు అన్నీ పరదేశాలకే పంపేవాళ్లు, మిగిలినవి మేం కొనగలిగే ధర కాదు. నేనేం పని చేశానో నా పిల్లలు చూడనేలేదు."

గిజెల్లా ముక్కు తుడుచుకుని లేచింది. పాత వార్తాపత్రికలు తెచ్చి భరిణెలు చుట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"మీవి మీ ఇంటికి."

"పిచ్చిదానా, నీకు మూడే కదా మిగిలేది!"

"మూడూ అమ్మవే పిన్నీ. ఇప్పుడు ఆకు చూడటం వచ్చింది. వచ్చే ఆదివారం సంతకు నాలుగోదాని కోసం వెళ్తాను."