బొడ్డులో ఆముదం

2019 వేసవి. పావగడలో నేను సర్జికల్ వార్డు నర్సుగా పనిచేస్తున్నాను. వల్లూరు సోలార్ పార్కులో కాపలా పని చేసే హనుమంతరాయప్ప పెద్దపేగులో గడ్డతో చేరాడు. ల్యాపరోస్కోపీ చేద్దామన్నారు డాక్టరు. అంటే పొట్ట నిలువునా కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్. ఆయనకు మాత్రం గడ్డ కంటే చీము భయం ఎక్కువ. వాళ్లన్నకు పాతరకం ఆపరేషన్ అయ్యాక కుట్లు చీముపట్టి నెలల తరబడి మంచం దిగలేదట.

"నాకూ అట్లే అయితే ఈ పని పోతాది సిస్టరమ్మా" అన్నాడు.

ముందురోజు పేగు ఖాళీ కావడానికి విరేచనాల మందు తాగించాం, యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాం. తర్వాత బొడ్డు చూశాను. కోసిన పేగు ముక్కను బయటికి తీసేది అక్కడి గాటులోంచే. అక్కడ మురికి ఉంటే చీమును పిలిచి పీట వేసినట్టే. ఈయన బొడ్డు నిండా జిడ్డు!

"ఇదేందన్నా? వత్తి వేస్తే దీపం వెలిగేంత ఆముదం ఉండాది!"

"దినామూ ఎండలో కాపలా గదమ్మా. వేడి దిగాలని మా ఇంటామె నరసక్క పోస్తాది."

దూదిపుల్లలతో, సబ్బునీళ్లతో శుభ్రం చేస్తుంటే ఆయనకు ఒకటే చక్కిలిగింతలు. పక్క మంచాల వాళ్లూ నవ్వారు.

ఆపరేషన్ బాగా జరిగింది. గాటు అంచులకు పేగు తగలకుండా వుండ్ ప్రొటెక్టర్ అనే ప్లాస్టిక్ తొడుగు పెట్టి డాక్టరు ముక్కను తీశారు.

మర్నాడు వార్డులోకి వెళ్లేసరికి నరసక్క ఒక చేత్తో బొడ్డు మీది పట్టీ అంచు లేపుతోంది. రెండో చేతిలో ఆముదం సీసా.

"అక్కా, చెయ్యి తియ్యి!"

"మందులు వేడి చేసినాయమ్మా. పెదాలు పగిలినాయి చూడు. రొంత పోస్తే సల్లగుంటాది."

నాకు ఒళ్లు మండింది. కానీ అరిస్తే నా ముందు ఆపి, నేను అటు తిరగ్గానే పోస్తుంది. మొగుడి మీద ప్రేమ ఊరికే కూర్చోదు కదా.

"వద్దనలేదక్కా. అరికాళ్లకు రాయి. వేడి ఆడినుంచీ దిగుతాది గదా?"

ఆమె పట్టీ వదిలేసింది. "అవునమ్మా, మా అవ్వ అట్లే రాసేది" అని మర్దన మొదలుపెట్టింది. నేను పట్టీ మార్చాను. ఆయన్ని నడిపించే ముందు జారిపడకుండా కాళ్లు తుడిచే పని మాత్రం నాకు కొత్తగా చేరింది.

కుట్లు విప్పే రోజు డాక్టరు పట్టీ తీశారు. చీము లేదు, ఎరుపు కూడా లేదు. హనుమంతరాయప్ప తల ఎత్తి చూసుకుని, "ఇంతేనా?" అంటూ ఏడ్చేశాడు. నాకూ కళ్లు తడిశాయి.

"చూసినారా, నా ఆముదం మహిమ!" అంది నరసక్క.

డాక్టరు ఏదో చెప్పబోయారు. నేను కళ్లతోనే వద్దన్నాను. రోగి మంచం పక్కన ఉన్న చేతిని కసిరి ఆపలేం, దానికి ఇంకో పని చూపించాలని ఆ కేసుతో నాకు తెలిసింది. పేరు ఆముదానికి వస్తేనేం, మనిషి మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాడు.