ఆకివీడు వార్డులో కొరమీను

ఆ రోజుల్లో నాకు భయపడటానికి కారణం అక్కర్లేదు. (ఇప్పుడూ అక్కర్లేదు, మా పాప తుమ్మితే చాలు.) అలాంటిదాన్ని, ఏలూరులో నర్సింగ్ చదివి, అక్కడే కొన్నాళ్లు పనిచేసి, ఉన్నట్టుండి ఏజెన్సీలో చేరాను. నర్సులు తక్కువైన ఆసుపత్రికి ఏజెన్సీ మనల్ని మూడు నెలల ఒప్పందం మీద పంపుతుంది. గది ఆసుపత్రివాళ్లే ఇస్తారు. గడువయ్యాక ఉండమంటే ఉండొచ్చు, లేదా పెట్టె సర్దుకుని ఇంకో ఊరు. పెంటపాడులో పౌరోహిత్యం చేసుకునే నాన్నగారికి ఇది ఎంతకీ మింగుడుపడలేదు. "ఊరూరా తిరగడానికి మనదేమన్నా సర్కస్ కంపెనీయా అమ్మా?" అన్నారు. చివరికి దిగొచ్చి ఒక షరతు పెట్టారు: మొదటి వారం చూసి ఆసుపత్రివాళ్లు వద్దన్నారో, ఇంటికొచ్చేయాలి, మళ్లీ ఏజెన్సీ మాటెత్తకూడదు.

మొదటి మజిలీ ఆకివీడు. వారం చివర పెద్ద సిస్టరుగారు ఏజెన్సీకి ఫోన్ చేసి నా సంగతి చెప్పాలి. సరిగ్గా ఆ ఉదయమే, ఆపరేషనై బిడ్డను కన్న అమ్మాయి దగ్గరికి వాళ్ల అత్తగారు మూత పెట్టిన బకెట్‌తో వచ్చారు. కొల్లేటి వైపు బాలింతకు కుట్లు మానాలంటే కొరమీను పులుసు పెట్టాలట, అదీ బతికున్న చేపదే. (మా ఇంట్లో చేప పేరే ఎత్తరు.) "కాస్త చూస్తుండండి సిస్టరుగారూ, ఆటో మాట్లాడి వచ్చేస్తాను. ఇంటికెళ్లి వండి తేవాలి," అని ఆవిడ బకెట్ మంచం పక్కన పెట్టి వెళ్లారు. లోపల ఒకటే కొట్టుకుంటున్న చప్పుడు. పాపం, ఊపిరాడటం లేదేమోనని (నర్సును కదా!) మూత తీసి పక్కన పెట్టి, అమ్మాయిని మొదటిసారి నడిపించడానికి లేపాను.

ఆమె నాలుగడుగులు వేసిందో లేదో, కొరమీను ఎగిరొచ్చి నా పాదం మీద పడింది. నేను పెట్టిన కేకకు పక్క వార్డువాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. అది జర్రున మంచాల కిందకు దూరింది. "తలకాయ పట్టండి, తలకాయ!" అంటూ అత్తగారు గుమ్మంలోంచే అరిచారు. నేను కళ్లు గట్టిగా మూసుకుని అరుస్తూనే ఉన్నాను. చివరికి పెద్ద సిస్టరుగారే దాన్ని టవలుతో ఒడిసిపట్టి బకెట్లో వేశారు. "ఇంక ఆ అరుపులు ఆపండి సిస్టరుగారూ, నవ్వలేకపోతున్నాను, కుట్లు లాగుతున్నాయి," అంది నా భుజం మీద వాలిన అమ్మాయి.

నేను మనసులో పెట్టె సర్దేసుకున్నాను. పెద్ద సిస్టరుగారు నా ఎదురుగానే ఫోన్ తీశారు. "కొత్తమ్మాయా? బాగా అరుస్తుందండీ. అరుస్తుంది గానీ, పట్టుకున్న పేషెంటును వదల్లేదు. ఉంచేయండి."

ఆ మాట మీద ఎన్ని ఊళ్లు తిరిగానో! పాప పుట్టాక ఆగిపోయాను. నిన్న ఏజెన్సీ మళ్లీ ఫోన్ చేసింది: తాడేపల్లిగూడెంలో పగటి డ్యూటీ, మూడు నెలలు. పాపను అమ్మ చూసుకుంటానంది. "ఆకివీడు కాదు కదా?" అని మాత్రం అడిగారు నాన్నగారు. అయినా రోజంతా తటపటాయించాను. ఈ సాయంత్రం నా వేలు పట్టుకుని నడుస్తూ పాప తూలింది, నేను వీధంతా వినబడేలా కేక పెట్టాను. "ఎందుకే అంత అరుపు, పడలేదుగా?" అన్నారు మావారు. నిజమే, పడలేదు. దాని చెయ్యి నా చేతిలోనే ఉంది. ఏజెన్సీకి సరేనని చెప్పేశాను. పాప నిద్రపోయాక ఇది రాస్తుంటే, ఆ వార్డు మధ్యలో కళ్లు మూసుకుని నిలబడ్డ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తోంది. పాప లేస్తుందని, పైకి నవ్వడానికీ భయమే.