వేళాకోళానికి ముఖం కావాలి

నేను కొత్తగూడలో పుట్టి పెరిగినదాన్ని. ఎవరైనా నచ్చితే ముందు వాళ్ల వంటకు వంక పెడతాను, అది మా ఇంటి అలవాటు. నా నోటికి జడిసి ఆఫీసులో చాలామంది దూరంగానే కూర్చునేవారు. జడవనిది ఒక్కతే. భీమవరం నుంచి వచ్చి పుప్పాలగూడలో కాపురం పెట్టింది, మా టీమ్‌లోనే టెస్టింగ్ చూసేది. ఏళ్ల తరబడి మా ఇద్దరి డబ్బాలూ ఒకే టేబుల్ మీద తెరుచుకున్నాయి.

ఆమె ప్రతి కూరలోనూ బెల్లం వేస్తుంది. "గిది కూరనా, పాయసమా? ఇగ నా డబ్బా దిక్కు రాకు" అనేదాన్ని. "నీ కారానికి నా నాలుక ఎప్పుడో చచ్చిపోయిందే" అంటూ నా డబ్బాలోనే చెయ్యి పెట్టేది.

నా కుడిచెయ్యి వణకడం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం కాకరకాయ కూర తెచ్చింది. అందులోనూ బెల్లమే! ఎప్పటి మాటే అన్నాను. లోపల నవ్వుతూనే ఉన్నాను. ఆమె నా ముఖంలో దేనికోసమో వెతికినట్టు కాసేపు చూసి, డబ్బా మూత పెట్టేసింది.

"అంత ఇబ్బందైతే రేపట్నుంచి తేనులెండి."

లెండి! ఇన్నేళ్లలో ఆమె నన్ను ఎప్పుడూ 'మీరు' అనలేదు. "ఏందే, పరాచకానికన్న" అన్నాను. అదీ తిట్టులాగే వినబడినట్టుంది. మర్నాటి నుంచి వేరే టేబుల్‌కు వెళ్లిపోయింది.

పార్కిన్సన్స్ అని ఆ తర్వాత తేలింది. ముఖ కండరాలు బిగుసుకుపోయాయని, గొంతులో ఎత్తుపల్లాలు తగ్గాయని డాక్టర్ చెప్పారు. నా స్వభావమే మారిందని చుట్టూ ఉన్నవాళ్లు పొరబడతారట. ఆ సాయంత్రం లిఫ్టు అద్దంలో గట్టిగా నవ్వి చూశాను. అద్దంలో మనిషి ఎవరి మీదో కోపంగా ఉంది. ఏడుపు వచ్చింది. ఏడవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

కొన్ని వారాలు ఒంటరిగా తిన్నాక ఇక ఉండలేక వెళ్లి జబ్బు సంగతి చెప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని భోరుమంది. మర్నాడు డబ్బాతో నా ఎదుట కూర్చుంది. సొరకాయ కూర. నోట్లో పెట్టుకుంటే బెల్లం లేదు, కారం లేదు, ఉప్పు కూడా సగమే. నాకు ప్రాణం లేచొచ్చింది, వంక పెట్టడానికి ఇంతకంటే మంచి సందు దొరుకుతుందా?

"గిదేం కూర? సప్పగ దవాఖాన తిండి లెక్కున్నది. ఎత్కపో!"

జవాబు కోసం చూశాను. ఆమె నా భుజం నిమిరింది.

"మీరేమన్నా నేనిక బాధపడనండి. అది మీరు కాదు, ఆ జబ్బే అలా అనిపిస్తోంది."

"కాదే, అది నేనే" అన్నాను. ఆమె ఓపికగా తల ఊపి, ఇంకో గరిటె వడ్డించింది. అంత ఒంటరితనం వేరే టేబుల్ రోజుల్లో కూడా నాకు తెలియదు.