ఉప్పునీళ్ల కొంగలు

ఆ కరువు ఏడు, సముద్రపు ఒడ్డున ఉన్న చిత్తడి నేలలు చూసి రైల్లో కర్నూలుకు తిరిగి వస్తున్నాను. ఎదురుగా కూర్చున్న కమలాపురం రైతుతో, లక్ష కొంగలను చూశానని, కనుచూపు మేర నీళ్లేనని కోతలు కోశాను.

"అయితే నా ఎద్దుల్ని ఆడికే తోలుకుపోతా. ఈడ గుక్కెడు నీళ్లు లేక సస్తాండాయి," అన్నాడాయన.

ఆయన నిజంగానే తోలుకుపోయేలా ఉన్నాడు. "కొంగలు నలభై ఉంటాయేమోన్నా. నీళ్లు మాత్రం ఉప్పు. మంచినీళ్లనుకొని దోసెడు తాగి కక్కుకున్నా," అని ఒప్పుకున్నాను.

"ఉప్పునీళ్లయితే కొంగలేం తాగి బతుకుతాండాయప్పా? మా ఎద్దులొస్తే నీళ్లయిపోతాయని ఇప్పుడు అబద్ధమాడతాండావు!" అని నవ్వి, నా భుజం తట్టి, కమలాపురంలో దిగిపోయాడు.

కొంగలేం తాగుతాయో నాకూ తెలియదు. కిటికీలోంచి "ఉప్పేన్నా, ఉప్పే!" అని అరిచాను. ఆయన చెయ్యి ఊపాడు. నమ్మి ఊపాడో, ఊరికే ఊపాడో.