బానెట్ మీద అరచెయ్యి

హోసూరులో పాత కారు కొనబోయేవాళ్లు మెకానిక్ తిమ్మరాయప్పను వెంటబెట్టుకుపోతారు. ఆయన రంగూ సీట్లూ చూడడు. చొక్కాకు చెయ్యి తుడుచుకుని, ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలితే, "మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టినారు, పొగ కనపడకుండా. వద్దప్పా," అని తిరిగొచ్చేస్తాడు. ఈరోజు అమ్మకానికున్నది ఆయన సొంత స్పోర్ట్స్ సెడానే, పదిహేనేళ్లది. రేపు భార్యకు ఆపరేషన్. అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. పొద్దున షెడ్డులోనే, నీలంపొగ ఆగేదాకా ఇంజన్ నడిపాడు. తడిగుడ్డతో బానెట్ మూడుసార్లు తుడిచాడు, చల్లారలేదు. అంతలో డెంకణికోట నుంచి బండి కొనడానికి మంజునాథ్ దిగాడు. ఇలాంటి బండ్ల నుంచి అతణ్ణి రెండుసార్లు తప్పించింది తిమ్మరాయప్పే. మంజునాథ్ చొక్కాకు చెయ్యి తుడుచుకుని బానెట్ మీద ఆనించాడు. తియ్యలేదు.

"వేడిగా ఉండాదే అన్నా?"

"ఎండకప్పా," అన్నాడు తిమ్మరాయప్ప, షెడ్డు నీడలో, బండి పక్కనే నిలబడి.