బావ క్యాసెట్టులో నా వంతు

మా బావకి, అంటే మా మేనత్త కొడుక్కి, నన్ను కట్టుకున్నవాడికి, పాటల పిచ్చి ముందు, పెళ్ళాం తర్వాత. జాలరిపేటలో పుట్టి పడవ మీదే పెరిగాడు. వల లాగుతూ పాటలు కట్టేవాడు. ఇంటికొచ్చి వాటిని నా మీద ప్రయోగించేవాడు.

మాలో వల లాగేటప్పుడు ఒకడు పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు జవాబివ్వాలి. జవాబు రానిదే తర్వాతి చరణం ఎత్తకూడదు. ఇంట్లో లాగడానికి వల తాడు లేకపోయినా ఆ అలవాటు పోలేదు. బావ వాకిట్లో కూర్చుని, "కొండ మీద దీపమెలిగే, నాకోసం ఎవులున్నారు?" అని గొంతు వణికించేవాడు. నేను పొయ్యి దగ్గర్నుంచి అదే వరసలో, "నీకోసం పిల్లి ఉన్నాది, సేప తలకాయ కోసం" అని అందుకునేదాన్ని. పక్కిళ్ళ ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. బావ మొహం మాడ్చుకునేవాడు. మాడ్చుకునే తర్వాతి చరణం ఎత్తుకునేవాడు.

క్యాసెట్లు ఇంటింటికీ వస్తున్న రోజులవి. సీతమ్మధారలో ఒక మేడ మీద పాటలు రికార్డు చేసే ఆయన మా జాతరలో బావ పాట విన్నాడు. క్యాసెట్టు చేద్దామన్నాడు. ఒక్క మధ్యాహ్నమే ఖాళీ, మర్నాటి నుంచి స్టూడియో ఇంకో బృందానిదట. బావ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ సంబరంలోనే ఒక మాటన్నాడు. "మా అయ్య పాటలు అయ్యతోనే పోయాయే. నాయి అలగ పోకూడదు."

ఆ పూట చేప తలకాయ ఆయన కంచంలోనే వేశాను.

ఆ రోజు బావ ముస్తాబు చూడాలి. సముద్రం వాసన పోవాలని సగం డబ్బా పౌడరు పూసుకున్నాడు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పాట వినేవాళ్ళకి కళ్ళద్దాలు కనిపిస్తాయా అని నేనడగలేదు. ఎందుకంటే, "అక్కడ నువ్ నోరిప్పినావంటే నీకూ నాకూ సెల్లు" అని ముందే ఒట్టు వేయించుకున్నాడు.

స్టూడియో గదిలో బయటి చప్పుడు రాకుండా గోడలకి పరుపులు కొట్టి ఉన్నాయి. రికార్డింగు మొదలైనట్టు ఎర్ర బల్బు వెలిగింది. బావ మొదటి చరణం ఎంత బాగా పాడాడో! పాడి, ఆగిపోయాడు. మళ్ళీ పాడించారు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఎందుకాపుతున్నారండీ?" అన్నాడు స్టూడియో ఆయన.

"ఆపలేదండి. జవాబు కోసం సూత్తన్నాను."

"అక్కడ పిల్లనగ్రోవి వస్తుంది. మీరు పాడుకుంటూ వెళ్ళిపోండి."

పిల్లనగ్రోవి కుర్రాడు తియ్యగా వాయించాడు. బావ మర్యాదగా విన్నాడు. "బాగున్నాదండి. గానీ పిల్లనగ్రోవి వల లాగదు కదండీ" అన్నాడు.

పొద్దు వాలుతోంది. చెమటకి బావ పౌడరు చారలు కట్టింది. స్టూడియో ఆయన గడియారం చూసి, ఇలాగైతే క్యాసెట్టు అవదండీ అనేశాడు. బావ కళ్ళద్దాలు తీసేశాడు. తలుపు దగ్గర క్యారియరు పట్టుకుని నిలబడిన నా వైపు చూశాడు.

"నువ్ అనవే."

"ఏటనాలి బావా?"

"రోజూ ఏటంతావో అదే. నువ్ ఎటకరించకపోతే నాకు పాట ముందుకెల్దు."

ఇన్నేళ్ళూ ఆయన పాటకి నేను అడ్డం పడుతున్నాననే అనుకున్నాం ఇద్దరమూ.

నన్ను మైకు ముందుకి లాగారు. బావ ఎత్తుకున్నాడు. "నాకోసం ఎవులున్నారు?" అంటూ ఆగాడు. చెయ్యి గాల్లో తాడు పట్టుకున్నట్టే ఉంది. ఆ మొహం చూస్తే జాలేసింది, ప్రేమా కలిగింది. పిల్లి గుర్తే రాలేదు. "నానున్నాను బావా, వొచ్చేయ్" అనేశాను, వరసలోనే.

బావ తర్వాతి చరణం మర్చిపోయాడు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

"బాగుందమ్మా, కానీ ఆయన ఆగిపోయారు. చెరిపేసి మళ్ళీ తీద్దాం" అని స్టూడియో ఆయన టేపు వెనక్కి తిప్పాడు. రెండోసారి నేను బుద్ధిగా పిల్లినే పిలిచాను. ఆ తర్వాత పాటలన్నీ ఎక్కడా ఆగకుండా సాగిపోయాయి.

క్యాసెట్టు అట్ట మీద బావ ఒక్కడే ఉంటాడు, కళ్ళద్దాలతో. జాలరిపేటలోనూ యారాడలోనూ పెళ్ళిళ్ళకి ఆ క్యాసెట్టే పెట్టేవారు. పిల్లి దగ్గరికొచ్చేసరికి పందిరంతా నవ్వేది.

ఇంట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం బావ నా వంతు రాకముందే టేపు ఆపేస్తాడు. ఆపేసి నా వైపు చూస్తాడు.

చుట్టుపక్కల ఎవరూ లేకపోతే ఆ చెరిపేసిన జవాబే చెబుతాను.